నిమ్మకాయ అడ్డొచ్చిన మూల

నా కంప్యూటర్లో ఒక నిమ్మకాయ ఉంది. మొదటి ఫొటోలో పసుప్పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఫొటోలన్నీ వరసగా వేగంగా నడిపిస్తే గాలికి ఊగుతూ, వడిలిపోతూ, చివరికి ఉసిరికాయంత అయి నల్లబడుతుంది. దాని వెనక దూరంగా మా అక్క మిరపకాయలు ఎండబోస్తూ ఉంటుంది. నేను తీయాలనుకున్నది మిరపకాయల్నే. నిమ్మకాయ అక్క పెట్టింది.

నేను గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పెళ్లి తీసేవాడికి అక్షింతలైనా పడతాయి, ఎడిట్ చేసేవాడికి ఫోన్లే. మేనమామ కుర్చీలో నిద్రపోతున్న ముక్క తీసెయ్యమని ఒకరు, వదినగారి వడ్డాణం కనపడేట్టు దగ్గరికి లాగమని ఇంకొకరు. దగ్గరికి లాగడం అనేది మా వృత్తిలో మాట కాదు, జనం పెట్టిన మాట. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నేనూ అదే అంటున్నాను.

ఈ లాగుడు పనిలో నాకు బాగా ఇష్టమైనది టైమ్‌లాప్స్. ఒకచోట కెమెరాని కదలకుండా బిగించి, కొన్ని నిమిషాలకొకటి చొప్పున రోజంతా ఫొటోలు తీసి, వాటిని వరసపెట్టి పరుగెత్తిస్తే మబ్బులు ఉరుకుతాయి, పందిరి దానంతటదే లేస్తుంది. అయితే కెమెరా తీసే ఫొటో టీవీకి కావలసిన దానికంటే చాలా పెద్దది. ఆ పెద్ద ఫొటోలో టీవీ అంత కిటికీ ఒకటి కోసుకుని, ఒక్కో ఫొటోకీ ఆ కిటికీని వెంట్రుకవాసి పక్కకి జరుపుకుంటూ పోతే, చూసేవాళ్లకి కెమెరా తల తిప్పినట్టుంటుంది. కిటికీని కొంచెం కొంచెంగా చిన్నది చేసుకుంటూ పోతే దగ్గరికి నడిచి వెళ్లినట్టుంటుంది. క్రేనూ, చక్రాల బండీ ఏమీ అక్కర్లేదు. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా ఊరంతా తిరిగి రావచ్చు.

దీనికి ఒక హద్దుంది. కిటికీని మరీ చిన్నది చేస్తే బొమ్మ పగిలిపోతుంది. మొహం మొహంలాగా ఉండదు, గళ్లుగళ్లుగా రంగు ముక్కలు మిగులుతాయి. ఎవరెంత బతిమాలినా ఆ హద్దు దాటకపోవడం నా పట్టుదల. ఒక పెళ్లికూతురి తండ్రి చెయ్యి పట్టుకుని అడిగినా దాటలేదు.

మా అక్క వాళ్లది చిలకలూరిపేట దాటాక వచ్చే ఒక పల్లె. జిల్లాలు మారినా మా నోళ్లలో అది ఇంకా ప్రకాశం జిల్లాయే. నల్లరేగడి నేల, రోడ్డుకి ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప. బావ మా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ అలవాటైన పిలుపు కాబట్టి అక్క కూడా ఆయన్ని బావా అనే పిలుస్తుంది. మా ఇద్దరికీ ఒకే మనిషి బావ అవడం వల్ల ఆ ఇంట్లో బావా అని కేకేస్తే, పిలిచింది ఎవరో గొంతునిబట్టి తెలుసుకోవలసిందే.

గొంతు అంటే బావదే గొంతు. రెండు చేల అవతల మందు కొట్టేవాళ్లకి గట్టు మీద నిలబడే పనులు చెప్పేవాడు. మా ఇంటికి వస్తే ముందు గొంతు వచ్చేది, తర్వాత బండి చప్పుడు, ఆ తర్వాత మనిషి.

ఒకరోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ మనిషి గోడవారన ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. కుడి చెయ్యి పడిపోయింది. కుడికాలు మందులతోనూ కసరత్తుతోనూ కొంచెం దారికొచ్చి, చేతికర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి వరండా దాకా వచ్చేంత అయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ గొంతు మాత్రం రాలేదు. అప్పటికి మిరప నారు నాటి ఎక్కువ రోజులు కాలేదు. చేను మొత్తం అక్క నెత్తిన పడింది.

రోజూ కాస్త కాస్త దూరం పెంచుకుంటూ నడిస్తేనే కాలు నిలబడుతుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బావ వరండా మెట్లు దిగలేదు. కోతలు మొదలై, చేలోంచి కాయ కల్లానికి వచ్చాక కూడా దిగలేదు. కల్లం అంటే కాయ ఎండబోసే చదును నేల, ఊరి చివర వాళ్ల బోరు దగ్గర ఉంది. ఆటోలో తీసుకెళతానని అక్క అంటే ఆయన కళ్లెర్రజేసేవాడట. "నన్ను బస్తాలాగా ఎక్కించి బస్తాలాగా దింపుతారా? కూలోళ్లందరూ చూడాలా?" అనేవాడట.

వెళ్లడు, ఊరుకోడు. వరండాలో కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో ఫోన్ చేస్తూనే ఉండేవాడు. టిఫిన్ అయ్యాక ఒకసారి, మాత్ర వేసుకున్నాక ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి. కాయ తిరగేశారా? రంగు పోయిన తాలుకాయ ఏరుతున్నారా, కబుర్లు చెప్పుకుంటున్నారా? పట్టాలు కప్పకుండా వచ్చేస్తే మంచుకి తడిసి కాయ తెల్లబడిపోదూ? అక్క ఏం చెప్పినా నమ్మడు. అక్కే ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, మూఢమేగా, పెళ్లిళ్లు లేవుగా నీకు. ఆ కెమెరా పట్టుకుని రారా. కల్లాన్ని తీసి మీ బావకి చూపిద్దాం. కంటితో చూస్తేనన్నా మనసాగక లేచొస్తాడేమో. ఆ కాలు అట్టాగే కుర్చీలో ఉండిపోద్దేమోనని భయమేస్తంది నాకు."

అక్క భయమేస్తుంది అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కాను.

కల్లం పక్కన మోటారు షెడ్డు ఉంది. దాని రేకుల మీదికెక్కితే కల్లం మొత్తం కనపడుతుంది. అక్కడ కెమెరా బిగించి, ఎండా మిరప ధూళీ తగలకుండా ఒక ప్లాస్టిక్ బకెట్‌కి బెజ్జం కోసి బోర్లించి, షెడ్డులోంచి కరెంటు లాగాను. అక్క నడుమ్మీద చేతులు పెట్టుకుని కింద నుంచి చూస్తోంది. ఎదురుగా కల్లం నిండా కాయ. పొద్దున పరిచిన పండుకాయ ఒక ఎరుపు, నాలుగెండలు తిన్నది ఒక ఎరుపు, పూర్తిగా ఎండి గలగలలాడేది ఇంకో ఎరుపు.

"రోజంతా అది కాయ వంకే చూస్తా ఉంటదా?" అంది అక్క.

"అవునక్కా."

"రెప్ప వెయ్యదా?"

"కెమెరాకి రెప్పలెక్కడివి?"

"బాగానే ఉంది సంబడం. పచ్చగా ఉన్నప్పుడు దిష్టిబొమ్మ పెట్టుకుని కాపాడుకున్నాం. ఎర్రగా పండి కల్లానికొచ్చాక ఒంటికన్ను తెచ్చి నెత్తిన పెడతావా?"

నేను ఏదో చెప్పబోయేలోగా ఇంటికెళ్లి వచ్చింది. నల్లదారానికి నిమ్మకాయ, దానికి అటూ ఇటూ పచ్చిమిరపకాయలు. ఇన్ని మిరపకాయల్ని కాపాడటానికి మళ్లీ మిరపకాయలేమిటని అడిగితే నా వైపు చూసిన చూపుకి ఇంకో నిమ్మకాయ కట్టాలి. బకెట్ వెనక వేలాడదీస్తానని బతిమాలాను. ఒప్పుకోలేదు. చూపు ముందు నిమ్మకాయ మీద పడాలి, ఆ తర్వాతే కాయ మీద పడాలి, అదీ పద్ధతి. సరిగ్గా మధ్యలో కట్టబోతుంటే కాళ్లావేళ్లా పడి ఎడమ పక్కకి జరిపించాను. షెడ్డు వాసానికి కట్టిన ఆ నిమ్మకాయ ఫొటోలో ఎడమ చేతి పైమూలన వేలాడుతూ నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి కెమెరా దాని పని అది చేసుకుపోయింది. నేను రోజూ షెడ్డెక్కి కార్డు మార్చి, అద్దం మీద ధూళి తుడిచి, దగ్గుకుంటూ దిగేవాణ్ని. కల్లం దగ్గర నేను నిలబడగలిగేది కాసేపే, కోరుకి, అంటే మిరప ఘాటుకి, కళ్లూ ముక్కూ ఏకమయ్యేవి. అక్క పొద్దస్తమానం అందులోనే ఉండేది. మధ్యాహ్నాలు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫొటోలు వరసలో పేర్చుకునేవాణ్ని. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా ఒక ఫొటో చీకటిగా ఒకటి వెలుతురుగా వచ్చి మినుకుమినుకుమంటుంది, దాన్ని సరిచెయ్యాలి. కిటికీ కదలడం మొదలుపెట్టినప్పుడూ ఆగినప్పుడూ కుదుపు రాకూడదు, మెల్లగా అందుకుని మెల్లగా ఆగాలి. ఇదంతా నాకు చేతనైన పనే. చేతకానిదల్లా నిమ్మకాయ.

ఊగేదాన్ని ప్రతి ఫొటోలోనూ చెరిపెయ్యడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని తేలిక దారి పట్టాను. కిటికీని కుడి వైపు కిందికి దించి, ఆ ఎడమ మూలని మొత్తంగా వదిలేశాను. ఎర్రటి కాయ మీదుగా కుడి నుంచి మధ్యకి జారడం, తాలు ఏరే ఆడవాళ్ల చేతుల దగ్గరికి నెమ్మదిగా వెళ్లడం, సాయంత్రం రాశి మీద పట్టాలు కప్పుతుంటే వెనక్కి రావడం. కెమెరా అంగుళం కదలలేదంటే ఎవరూ నమ్మరు. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

అక్క కల్లంలో ఉండగా, బావ అన్నం తిని ఫోన్ కూడా అయ్యాక, లాప్‌టాప్‌కి టీవీ తగిలించి చూపించాను. బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మొదటి ముక్క అయ్యేసరికే ఎడంచెయ్యి ఎత్తాడు.

"ఆపరా."

ఆపాను.

"ఎందుకట్టా లాగుతున్నావు?"

"దగ్గరగా కనపడాలని, బావా."

"పొద్దున లేచిన కాడ్నుంచీ నన్ను అందరూ లాగేవాళ్లే. నీళ్లగదికి ఒకళ్లు, కసరత్తుకి ఒకళ్లు. ఇందులో కూడా నా మెడ పట్టుకుని అటు చూడు ఇటు చూడు అంటావేందిరా? ఎటు చూడాలో నేను చూసుకోలేనా?"

ముద్ద మాటైనా ప్రతి ముక్కా అర్థమైంది. మనసు చివుక్కుమంది. పెళ్లివాళ్లెవరూ ఇలా అనలేదు. లాప్‌టాప్ మూసేద్దామనుకున్నాను, నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. ఇంతలో ఆయనే అన్నాడు.

"నిమ్మకాయేది?"

"ఏ నిమ్మకాయ?"

"కల్లానికి ఎదురుగా ఒంటికన్ను పెట్టనిచ్చి మీ అక్క నిమ్మకాయ కట్టకుండా ఊరుకుందా? అది కనపడట్లేదంటే నువ్వేదో కోసేశావు. కొయ్యకుండా చూపించు."

నేను నవ్వకుండా ఉండలేకపోయాను. కోపం అక్కడే పోయింది. ఎడిట్ చేసింది పక్కనపెట్టి, ఫొటోలు ఫొటోలుగానే, అంచుల దాకా మొత్తం తెరిచి పెట్టాను. ఎడమ పైమూలన నిమ్మకాయ ప్రత్యక్షమైంది. బావ దాన్ని చూసి తల పంకించాడు.

ఇక నేను చెయ్యవలసిందల్లా ఆయన చేతికర్రతో చూపించిన చోటికి వెళ్లడం. అక్కడికి పో అంటే పోయేవాణ్ని, చాలు వెనక్కి రా అంటే వచ్చేవాణ్ని. రాశి దగ్గరికి వెళ్లాం. తాలుకాయ కుప్ప చూశాం. ఒకచోట కాయ మందంగా పోశారని నసిగాడు. మొహంలో ఏదో కదలిక వచ్చింది. కుర్చీలోనే కల్లమంతా తిరుగుతున్నాడు. చూస్తున్న నాకూ సంతోషంగా ఉంది.

"ఆ నిమ్మకాయ కింద ఎవరది?"

నేను కోసిపారేసిన మూల అది. నిమ్మకాయకి కొంచెం కిందుగా, కల్లం అవతలి గట్టు మీద, వేలెడంత మనిషి. నా హద్దు దాకా దగ్గరికి వెళ్లాను. ఆకుపచ్చ చీర, తలకి తువ్వాలు, చెవి దగ్గర చెయ్యి.

"అక్క."

"ఒక్కతే అక్కడేం చేస్తంది?"

తర్వాతి ఫొటోకి జరిగాను. అక్కడే ఉంది. ఆ తర్వాతిదాంట్లో నిమ్మకాయ అడ్డొచ్చింది. దాని తర్వాత మళ్లీ అక్కడే. కూలివాళ్లు పట్టా నీడలో మజ్జిగ తాగుతున్నారు. ఇంకా ముందుకి వెళితే అక్క కాయ దగ్గరికి వచ్చేసింది, నీడలు జరిగాయి, మళ్లీ గట్టు మీద నిలబడి ఉంది. మర్నాటి ఫొటోల్లోనూ అంతే. టిఫిన్ వేళకి, మాత్ర వేళకి, అన్నం వేళకి. కాస్తంత నీడ లేని గట్టు, చెవి దగ్గర చెయ్యి.

బావకి చెప్పాల్సిన పని లేకపోయింది.

"నేను ఫోన్ చేసినప్పుడల్లా ఎండలో నిలబడి ఉంది," అన్నాడు.

నేను ఇంకో ఫొటోకి జరిపాను.

"అంతంతసేపు మాట్లాడానా?"

"మాట్లాడలేదు బావా, తిట్టావు."

నోరు జారింది. మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే, నాకు కాస్త ఎక్కువ. బావ టీవీ కట్టెయ్యమన్నాడు. నా వైపు మాత్రం తిరగలేదు.

మర్నాడు టిఫిన్ అయ్యాక ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలనిపిస్తుందని భయం కాబోలు, దాన్ని ఆపేసి వరండా కిటికీలో పెట్టించాడు. మాత్ర వేసుకున్నాక దాని వంక చూశాడు, అంతే. నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపలి గదిలో మినుకులు సరిచేసుకుంటున్నాను. నా ఫోన్ మంచం మీద మోగిన సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది వాకిట్లో మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే "బావా!" అన్న కేక.

పరుగెత్తుకుని వచ్చాను. అక్క ఎవరి బండో ఎక్కి వచ్చేసింది. తువ్వాలు తల మీంచి జారిపోయి ఉంది. బావ ఎప్పటి కుర్చీలో ఎప్పటిలాగే కూర్చుని ఉండటం చూసి, వరండా మెట్ల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులు అవి. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాతి గొడవ చెప్పతరం కాదు. "కళ్లు, కళ్లు" అంటూ అక్క గింజుకుంటోంది. మా వైపు ఇళ్లలో పిల్లలకి కూడా తెలిసిన సంగతి, కల్లంలోంచి వచ్చాక ముందు చేతులు, తర్వాతే మొహం. పుట్టి బుద్ధెరిగాక అక్క ఆ పొరపాటు చెయ్యడం అదే మొదలు. నీళ్ల తొట్టి వాకిట్లో ఉంది, మెట్లు దిగి వెళ్లాలి. నేను కదిలేలోపే బావ లేచాడు. ఎడంచేత్తో కర్ర పట్టుకుంటే చెంబు పట్టుకోవడానికి చెయ్యి లేదు. కర్రని గోడకి ఆనించేశాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, గోడకి భుజం రాసుకుంటూ, మెట్లు దిగాడు. నేను వెళ్లి రెక్క పట్టుకోబోయాను.

"లాగమాక," అన్నాడు.

చెంబు ముంచి, సగం నీళ్లు లుంగీ మీద ఒలకబోసుకుంటూ వచ్చి అక్క కళ్ల మీద పోశాడు. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన వరండా దిగాడన్న సంగతి ముగ్గురిలో ఎవరూ అనలేదు. అంటే చెడిపోతుందేమోనని నాకు భయమేసింది.

కళ్లు తెరవగలిగాక అక్క ముందడిగింది ఫోన్ సంగతే.

"ఎందుకు ఆపావు ఫోను? ఎంతసేపు చూశాననుకున్నావు? పోనీలే అని నేను చేస్తే స్విచ్చాఫ్. వీడికి చేస్తే ఎత్తడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలా."

"నిన్ను ఎండలో నిలబెడతన్నా. వీడి ఫొటోల్లో చూశా."

అక్క ఎర్రబడ్డ కళ్లతో నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"షెడ్డు రేకుల కింద సిగ్నల్ ఉండదు. నీడలోనేమో ఆడాళ్ల గోల. ఆ గట్టు మీదైతే నీ మాట బాగా వినపడుద్ది. అందుకని పోతా."

"తిట్లేగా. వినపడకపోతే ఏం?"

"రోజు మొత్తంలో నేను పని మానేది ఆ కాసేపేగా బావా. మొగుడు ఫోనంటే ఎవరూ ఏమనరు. అక్కడ అందరూ నన్ను అడిగేవాళ్లే. ఎక్కడ పొయ్యాలి, ఎప్పుడు ఎత్తాలి, మజ్జిగేది, పట్టాలేవి. నాకు చెప్పేవాళ్లు ఎవరున్నారు? నువ్వు తిడతంటే నేనొక్కదాన్నే చేస్తన్నట్టు ఉండదు. ఇయ్యాల ఫోన్ రాకపోయేసరికి అంత కల్లంలో ఏకాకినైపోయా."

నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ ఫొటోలు ఎంత పెద్దవైనా, అందులో ఎండ కనపడింది, చెవి దగ్గర చెయ్యి కనపడింది. ఆ చెవిలో పడేదేమిటో కనపడలేదు. మేమిద్దరం కూర్చుని దాన్ని జాలిగా చూసి తలకిందులుగా అర్థం చేసుకున్నాం.

తర్వాతి రోజు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా అడిగాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అక్క చొక్కా తొడిగి, జేబులో ఫోన్ పెట్టి, ఆటో కోసం కబురు చేసింది. ఆటో కల్లం దగ్గర ఆగాక బావ తనే కాలు కింద పెట్టాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. తాలు ఏరే ఆడవాళ్లు చేతులాపి చూశారు, వాళ్లలో ఒకావిడ లేచి "బాగుండావా అయ్యా" అని పలకరించింది. బావ తలూపాడు. కల్లానికి కుడి చివర, ట్రాక్టరు ట్రాలీకి కట్టిన పట్టా నీడలో కుర్చీ వేశాం.

నేను షెడ్డెక్కి ఎప్పటిలాగే అద్దం తుడిచాను. కెమెరా తన పని మొదలుపెట్టింది. అక్క కల్లం మధ్యలో కాయ తిరగేయిస్తోంది. బావ ఆమెని ఏదో పిలిచాడు. పై నుంచి నాకు ఆయన నోరు తెరవడం కనపడింది, మాట వినపడలేదు. అక్కకీ వినపడలేదు. ఒకప్పుడు రెండు చేలు దాటిన గొంతు కల్లం సగం కూడా దాటలేదు. రెండోసారి పిలిచి, ఊరుకున్నాడు. చూసిన నా ప్రాణం ఉసూరుమంది. దిగి వెళ్లి అక్కకి చెప్పాలనుకుంటూ ఉండగా, ఆయన ఎడంచెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది.

అక్క కొంగులోంచి ఫోన్ తీసి చూసుకుంది. ఆయన అక్కడే ఎదురుగా ఉన్నాడన్న సంగతి మర్చిపోయిందో, కాళ్లకి అలవాటో, గబగబా నడుచుకుంటూ ఎడమ మూల గట్టు మీదికి వెళ్లిపోయి చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు వెనక్కి తిరిగింది. కల్లానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, చెవుల దగ్గర ఫోన్లు, మధ్యలో ఎర్రగా కాయ. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని తర్వాత అడిగితే, కాయ తిరగెయ్యమన్నానని బావ అన్నాడు. అక్క అది కూడా చెప్పలేదు.

కాయ మొత్తం బస్తాలకెత్తి గుంటూరు పంపాక, కెమెరా విప్పుకుని వచ్చేముందు, చివరిసారి ఇద్దరినీ టీవీ ముందు కూర్చోబెట్టాను. ఈసారి నిమ్మకాయని ఉంచాను. అది వడిలిపోతుంటే అక్క "చూశావా, దిష్టంతా ఎట్టా లాక్కుందో" అని నన్ను సాధించింది. ఎక్కడా దగ్గరికి వెళ్లలేదు, పక్కకి తిరగలేదు. మొత్తం కల్లం మొత్తంగా నడుస్తుంటే బావ చూసుకోవలసిన చోట చూసుకుంటున్నాడు. ఆ ఫొటో వచ్చింది.

"ఆపరా," అన్నాడు.

ఆపాను. కుడి చివర పట్టా నీడలో వేలెడంత ఆయన, ఎడమ చివర నిమ్మకాయ కింద వేలెడంత అక్క.

"ఇక్కడ లాగు. నెమ్మదిగా."

ఆయన దగ్గర మొదలుపెట్టాను. కుదుపు లేకుండా అందుకుని, కాయ మీదుగా, తిరగేసిన చాళ్ల మీదుగా, ఆడవాళ్ల వంగిన వీపులు దాటుకుని, ఎడమకి ఎడమకి జరిగి అక్క దగ్గర ఆగాను. నేను ఎన్నో పెళ్లిళ్లకి ఇలా తిప్పాను గానీ ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ తిప్పలేదు.

"దగ్గరికి పో."

హద్దు దాకా వెళ్లాను. ఆకుపచ్చ చీర, తువ్వాలు, చెయ్యి.

"ఇంకా."

"ఇంక పోతే పగిలిపోద్ది బావా. మొహం కూడా తెలీదు, ఉత్త గళ్లొస్తాయి."

"పగిలితే పగల్నియ్యి. నాకు కనపడతానే ఉంది."

అక్క, పక్కనే కూర్చున్న అక్క, పొయ్యి మీద ఏదో పెట్టానంటూ లేచి వెళ్లబోయింది. బావ ఎడంచేత్తో ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. నేను ఇంకొంచెం దగ్గరికి లాగాను.